ముద్ద నమిలినవాడి వీడియో

ఆ రోజుల్లో, కర్ణాటకలో ఉన్నా తెలుగే మాట్లాడే మా పావగడ సీమకు కొత్తగా వచ్చిన వింతలు రెండు. ఒకటి సోలార్ పార్కు, రెండోది ప్రతివాడి చేతిలో ఫోను. దేన్ని చూసినా నాకు నోరు తెరుచుకునేది. వాన కోసం మొగం వాచి ఆకాశం కేసి చూసే మనుషులం, మా ఎండకూ ఒక విలువ ఉందని పార్కు వచ్చేదాకా ఎరగం. ఆ పార్కులోనే నాకు సోలార్ పలకలు కడిగే పని దొరికింది. గట్టు మీద నిలబడితే కనుచూపు మేరా నీలం పలకలే. అంత పెద్ద పని చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంటే, నేను కడగడం మాని చూస్తూ నిలబడేవాణ్ణి (అందుకు మేస్త్రీ చేత రోజూ తిట్లు తినేవాణ్ణి).

మంగళవాడ దోవలో మా మేనత్త చిన్న హోటలు నడిపేది. మధ్యాహ్నం రాగిముద్ద, ఆకుకూర పులుసు. గొంతెత్తి మాట్లాడడం ఎరగని మనిషి. కుక్కను అదిలించాలన్నా "పో నాయనా" అనేది. నాకేమో ఫోనులో పేరు తెచ్చుకోవాలని పిచ్చి. అత్త ముద్ద కట్టడం, పలకల మీద పొద్దు గుంకడం, ఇలాంటివన్నీ తీసి పెట్టేవాణ్ణి. మా చిన్నాన్న కొడుకు తప్ప ఎవరూ చూసేవారు కాదు. వాడైనా నేను పక్కన కూర్చుని బలవంతపెడితేనే.

రోజూ అత్త దగ్గర తినేవాళ్లలో ఉత్తరాది నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు ఒకడుండేవాడు. వచ్చిన మొదటిరోజు చపాతీ ఉందా అని అడిగిన పాపానికి వాడి పేరే చపాతీ అయిపోయింది. ఒకరోజు వాడు ముద్దను చేత్తో పట్టుకుని, రొట్టె కొరికినట్టు కొరికి నమలసాగాడు. మావైపు ముద్దను నమలరు. తుంచి, పులుసులో అద్ది, మింగుతారు. పిండి పళ్లకు అతుక్కుని నోరు పెగలక వాడు కళ్లనీళ్లు పెట్టుకుంటే, అత్త నవ్వుతూ నీళ్లగ్లాసు అందించి, "నమలద్దు నాయనా, మింగు" అంది. అదంతా ఫోనులో తీశాను. తర్వాత ఆ నవ్వునూ నీళ్లగ్లాసునూ కత్తిరించేసి, "ముద్ద నమిలేవాళ్లకు మా ఊర్లో కూడు లేదు" అని పైన రాసి వదిలాను.

ఆ మరునాడు జరిగింది నాకిప్పటికీ ఆశ్చర్యమే. పలకలు కడుగుతుంటే జేబులో ఫోను ఆగకుండా అదురుతోంది. రాగి తినేవాళ్లు చపాతీని తిట్టారు. జొన్న తినేవాళ్లు రాగి తినేవాళ్లను తిట్టారు. వరన్నం తినేవాళ్లు మధ్యలో దూరి ఇద్దరి చేతా తిట్లు తిన్నారు. ఆకలితో వచ్చినవాణ్ణి అవమానించిన మా అత్త హోటలు మూసుకోవాలని ఎవరో ఒకావిడ తీర్పిచ్చింది. ఒక్కరు మాత్రం "పాపం, పిల్లవాడికి నీళ్లివ్వండి" అని రాశారు. ఆ మాట ఎక్కడో అడుక్కు పోయింది. నేను ఘాటుగా బదులిస్తే అది ఊళ్లు దాటేది, మెత్తగా రాస్తే రాసినచోటే పడి ఉండేది. ఎవరికి ఏది చూపాలో లోపల ఒక లెక్క నడుస్తుందని, దానికి మంచీ చెడూ పట్టదని, మనిషి ఎక్కడ ఎక్కువసేపు ఆగుతాడో మాత్రం తెలుసని, మనిషి ఆగేది కోపమొచ్చినచోటేనని నాకు చాలా తర్వాత అర్థమైంది. ఎండను కరెంటు చేస్తున్నారంటేనే నోరు తెరిచినవాణ్ణి. కోపాన్ని కూడా అలా పట్టి వాడుకోవచ్చంటే ఏమైపోవాలి?

హోటలుకు జనం పెరిగారు. పావగడ నుంచి, అటు మడకశిర నుంచి బండ్ల మీద వచ్చి, ముద్ద కొరికి, ఫోను ఎత్తి, అత్త ఎప్పుడు తిడుతుందా అని కాచుకునేవారు. అత్తేమో ముద్ద బాగా కుదరలేదేమోనని బెంగపడేది. వాళ్లు నిరాశగా పోయి, ఈమె అసలు ఆమె కాదని రాసేవారు. ఒక్కసారి తిట్టమని నేను బతిమాలితే, పాపం, చెంగు నడుముకు బిగించి ఫోనుకు ఎదురుగా నిలబడి "రేయ్" అంది. అందరం ఊపిరి బిగబట్టాం. "ఇంకొంచెం పులుసు పోసుకోప్పా" అంది.

అయితే చపాతీ రావడం మానేశాడు. అత్త రోజూ వాడి కోసం ఒక ముద్ద మూతపెట్టి ఉంచేది, పొద్దు వాలాక దాన్ని నా ముందుకు తోసేది.

"ఆ పిల్లోడు యాడ తింటాండాడో ఏమో. మనం ఏమన్నా అన్న్యామా వాన్ని?" అని ఒకరోజు అడిగింది.

ముద్దను సగంలో వదిలి లేచాను. మరునాడు మధ్యాహ్నం పార్కులో వెతుక్కుంటూ పోతే, వాడు పలకల వరుస కింద నీడలో కూర్చుని బిస్కెట్లు తింటూ ఫోను చూస్తున్నాడు. నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. తననెన్నడూ చూడనివాళ్లు ఇంతమంది తననెందుకు తిడుతున్నారని మాత్రం, వచ్చీరాని కన్నడంలో అడిగాడు. ఊర్లో వాళ్లమ్మ కూడా చూసి ఏడ్చిందట. చదవొద్దనుకుంటూనే చదువుతున్నాడట, చెయ్యి దానంతటదే పోతోందట (నా చెయ్యీ అంతేనని నేను చెప్పలేదు). అక్కడే, వాడి ముందే ఆ వీడియో తీసేశాను. అబద్ధమెందుకు, నాకొచ్చిన ఒకే ఒక్క పేరు పోతోందని ప్రాణం ఉసూరుమంది. అప్పటికే ఎవరెవరో దాన్ని కాపీ చేసుకుని తిప్పుతున్నారు కూడా. అయినా వాడు లేచి నా వెంట వచ్చాడు.

అత్త వాడికి ముద్ద పెట్టి, ఎదురుగా తనూ కూర్చుని, తుంచి, అద్ది, మింగి చూపించింది. వాడు కళ్లు మూసుకుని మింగాడు. అది దిగిందని తెలిశాక వాడి మొహంలో వచ్చిన నవ్వునూ, అత్త నవ్వునూ కలిపి తీసి, ఏమీ కత్తిరించకుండా పెట్టాను. కొన్నాళ్లయ్యాక అత్త అడిగింది, దాన్ని ఎంతమంది చూసినారని.

"ఎవురూ చూడ్లేదత్తా."

"ఎందుకప్పా?"

"దాన్ని చూస్తే ఎవురికీ కోపం రాదు కదత్తా."

అత్త "అయితే మంచిదే కదప్పా" అని ముద్ద కట్టడానికి లోపలికి పోయింది.

ఇప్పుడు నాకు పెళ్లయింది, పలకలు కడిగేవాళ్లను నేనే అదిలిస్తున్నాను. చపాతీ ఎప్పుడో బదిలీ అయి వాళ్లవైపు వెళ్లిపోయాడు. నా ఫోను మాత్రం పొద్దున్నే ఎవరో ఒకరి మీద కోపం తెచ్చి చేతిలో పెడుతుంది, నేనూ బుద్ధిగా అందుకుంటాను. అప్పుడప్పుడు అత్తా చపాతీ నవ్వే ఆ పాత వీడియో వెతికి చూస్తాను. చూసినవారి లెక్క ఒకటి పెరుగుతుంది. పెంచింది నేనేనని తెలిసినా సంతోషంగానే ఉంటుంది. మొన్న తెరిచేసరికి, నేను చూడకుండానే లెక్క ఒకటి పెరిగి ఉంది. ఎక్కడో ఉత్తరాదిలో ఒకడికి ముద్ద గుర్తొచ్చినట్టుంది.