పదకొండేళ్ళ పిల్ల

ఇంట్లో పార్సిల్ విప్పినప్పుడల్లా కొత్త అట్టపెట్టె వాసన నన్ను ఇర్వింగ్‌లోని ఆ గోడౌన్‌కి తీసుకుపోతుంది. అక్కడ సరుకు లెక్క చూడటం నా పని. నా పై అధికారి మిస్ ఒడెస్సా, డెబ్బై దాటిన నల్లజాతి ఆవిడ. డిగ్రీ సగంలో వదిలేసి, లెక్కలు సొంతంగా నేర్చుకున్న నన్ను నమ్మి పనిలో పెట్టుకున్న మొదటి మనిషి. మధ్యాహ్నం తన మొక్కజొన్న రొట్టె సగం తుంచి నా డబ్బాలో పెట్టి, నా గోంగూర పచ్చడి అడక్కుండానే తీసుకునేవారు. "మూర్తీ, ఇది తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి. ఇంకొంచెం వెయ్యి" అనేవారు.

ఒకరోజు ఆవిడ నాకో ఉత్తరం చూపించారు. ఆవిడ ముత్తవ్వ హెట్టీని బానిసగా ఉంచుకున్న యజమాని వంశంలోని క్యారలైన్ అనే పెద్దావిడ, తమ కుటుంబ సమావేశానికి రమ్మని రాశారు. "మా క్లారా, మీ హెట్టీ తొలి కూతురు ఒకే నెలలో పుట్టారు. హెట్టీ ఇద్దరికీ పాలిచ్చింది. వాళ్ళు అక్కచెల్లెళ్ళలా పెరిగారు. మనమంతా ఒకే కుటుంబం."

"వెళ్తారా?" అని అడిగాను.

"వెళ్ళాలనే ఉంది. హెట్టీ పేరు గుర్తున్నవాళ్ళు ఇంకెవరున్నారు? కానీ ఆ తొలి కూతురి సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నువ్వు చూసిపెట్టు."

ఆవిడ లైబ్రరీ నుంచి బానిసత్వం రోజుల్లో పదేళ్ళ తేడాతో తీసిన రెండు జనాభా లెక్కల కాపీలు తెచ్చారు. యజమాని ఇంటివాళ్ళకి పేర్లున్నాయి. బానిసలకి లేవు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, అంతే. మొదటి జాబితాలో క్లారాకి ఏడాది. బానిసల్లో ఏడాది ఆడపిల్ల ఒక్కతే. రెండోదాంట్లో క్లారాకి పదకొండు. బానిసల్లో పదకొండేళ్ళ ఆడపిల్ల లేదు. మూడుసార్లు చూశాను. ఆవిడ ఎదురుచూస్తున్నారని గుర్తొచ్చి, బానిస ఆడపిల్లల్లో ఒక పద్నాలుగు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను. "వయసులు అంచనాగా రాసేవాళ్ళట. ఈ అమ్మాయే అయ్యుంటుంది" అన్నాను.

ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. "మొదటిదాంట్లో నాలుగేళ్ళ పిల్ల వేరే ఉందిగా. పదేళ్ళు కలిపితే పద్నాలుగు. నీకు కూడికలు రావా, మూర్తీ?"

ఆ సున్నా చెరపడానికి రబ్బరు వెతికాను.

"సరుకు తగ్గితే పక్క ర్యాక్‌లోది లాగి చూపించేవాణ్ణి నేనేం చేస్తాను?"

"పనిలోంచి తీసేస్తారు."

"సర్దిన కథలు వాళ్ళ దగ్గర చాలానే ఉన్నాయి. నువ్వు ఇంకోటి తయారుచెయ్యకు." మొదటి జాబితాలోని ఏడాది పిల్ల మీద వేలు పెట్టి అడిగారు. "చచ్చిపోయిందా, అమ్మేశారా?"

"ఇందులో తెలీదండీ."

అయినా ఆ సమావేశానికి వెళ్ళారు. నేనే డ్రైవ్ చేశాను. భోజనాల బల్ల దగ్గర క్యారలైన్ ఒడెస్సా చెయ్యి పట్టుకుని అక్కచెల్లెళ్ళ కథ మళ్ళీ మొదలుపెట్టారు. ఒడెస్సా చివరిదాకా విని, "క్లారాకి పదకొండేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల ఎక్కడుంది?" అన్నారు.

"మేమెవరమూ... ఎప్పుడూ అడగలేదు" అన్నారు క్యారలైన్. "కానీ హెట్టీ అంటే మావాళ్ళకి ప్రాణమట. నిజం."

"అయ్యుండచ్చు. తనకి మీరంటే ఏమిటో చెప్పే వీలు మాత్రం హెట్టీకి లేదు."

క్యారలైన్ ఏడ్చారు. ఒడెస్సా ఓదార్చలేదు. చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు.

ఒడెస్సా పోయి చాలా ఏళ్ళయింది. ఆ పిల్ల ఏమైందో మాకెవరికీ తెలియలేదు. ఈనాటికీ ఏ లెక్కలో తేడా వచ్చినా, దాన్ని పూడ్చే అంకె నా చేతికి ఇట్టే దొరుకుతుంది. రాయను. ఆ గడి ఖాళీగా వదిలి, ఎవరిని అడగాలో కనుక్కుంటాను.