బక్కదాని కోసం పెరట్లో పొయ్యి

పెళ్ళయి నందిగామ నుంచి జగ్గయ్యపేట కాపురానికి వచ్చిన కొత్తల్లో నాకు రోజంతా ఏమీ తోచేది కాదు. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోయేవారు. మిగిలింది నేనూ, మా అత్తగారూ. ఆవిడ చెడ్డమనిషి కాదు. కానీ మాట్లాడేవారు కాదు. మామగారు మా పెళ్ళికి ముందు ఏడాదే పోయారు. నేనాయన్ని చూడలేదు. అత్తగారు చేపలంటే ప్రాణం పెట్టేవారట. ఆయన పోయిన దగ్గర్నుంచి నీచు మానేశారు. తను మానేయడమే కాదు, వంటింట్లోకే రానివ్వలేదు. మా ఆయన తినాలనుకుంటే హోటల్లో తిని వచ్చేవారు. పుట్టింట్లో ఆదివారం ఆదివారం చేపల పులుసు తిని పెరిగిన నేను, ఆ సంగతి ఎత్తకుండా పప్పూ పచ్చడీ తిని ఊరుకునేదాన్ని.

పక్కింట్లో ఒక సాయిబుగారి కుటుంబం ఉండేది. ఆయన క్వారీ నుంచి సున్నపురాయి తోలే లారీ డ్రైవరు. ఒకరోజు పొద్దున ఆయన లారీ కడుగుతుంటే సీటు వెనకాల ఒక పిల్లి కనబడింది. మరీ పసిది కాదు, అలాగని ఎదిగిందీ కాదు. ఒళ్ళంతా తెల్లటి రాతిదుమ్ము. సాయిబుగారి భార్య దాన్ని కొంగులో చుట్టుకుని మా పెరట్లోకి తెచ్చింది.

"పిన్నిగారూ, మా ఇంట్లో కోడిపిల్లలున్నాయి. దీన్ని అక్కడ ఉంచలేను. నాలుగు రోజులు మీ దగ్గర ఉండనివ్వండి."

"పిల్లులంటే నాకు పడదమ్మా" అన్నారు అత్తగారు. అంటూనే దగ్గరికొచ్చి చూశారు. దుమ్ము దులిపితే లోపల ఎముకలు తప్ప ఏమీ లేవు. వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. "ఇది నాలుగు రోజులు బతుకుద్దంటావా?"

"మీ చేతిలో బతుకుద్ది" అని దాన్ని అక్కడ దింపి వెళ్ళిపోయిందావిడ.

దానికి పేరు పెట్టలేదు. ఇద్దరం బక్కది, బక్కది అంటూ ఉంటే అదే పేరైపోయింది.

దానికి తిండి పెట్టడం ఇంత కష్టమని నాకు తెలియదు. గేదెపాలు చిక్కగా కాచి పళ్ళెంలో పోశాను. వాసన చూసి మూతి తిప్పుకుంది. పెరుగన్నం పెడితే కాలితో గోకి, మట్టి కప్పబోయింది. రొట్టె ముక్క నానబెట్టాను. సాయిబుగారింట్లో గుడ్డు ఉడకబెట్టించి తెచ్చాను. ఆకలితో అరుస్తూ పరుగున వచ్చేది, ఒక్క కొరుకు కొరికి తల విదిలించి దూరంగా వెళ్ళి కూర్చునేది. "ఇంత పేచీ దాన్ని నేనెక్కడా చూళ్ళేదు" అని విసుక్కున్నారు అత్తగారు. ఎవరో చెప్పారని ఇద్దరం దాన్ని పట్టుకుని పాలల్లో మూతి ముంచాం. నాలుగు చుక్కలు లోపలికి పోయాయి. దాంతో విరేచనాలు పట్టుకుని, ఉన్న ఒళ్ళు కూడా పోయింది. రెండోరోజుకి లేవలేక బావిగట్టు పక్కన పడుకుంది.

మా నాన్నకు నందిగామలో పశువుల డాక్టరు ఒకాయన బాగా తెలుసు. భయపడుతూనే అడిగాను. "అత్తయ్యా, ఓసారి ఆయనకు చూపిస్తే?"

నవ్వుతారేమో, కోప్పడతారేమో అనుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి తమలపాకుల బుట్ట ఖాళీ చేసి, పాతచీర ముక్క పరిచి తీసుకొచ్చారు. "పద. నేనూ వస్తా. బస్సులో నీ ఒక్కదాని వల్ల కాదు" అన్నారు.

మేమిద్దరం కలిసి గడప దాటడం అదే మొదలు. బుట్ట ఆవిడ ఒళ్ళోనే పెట్టుకున్నారు. చిల్లకల్లు దాటాక బస్సు ఎగిరెగిరి పడుతుంటే లోపల అది సన్నగా ఏడ్చింది. ఆవిడ మూత సందులోంచి ఒక వేలు లోపల పెట్టి, నందిగామ వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

పశువుల ఆస్పత్రిలో గేదెల మధ్య బుట్టతో నిలబడితే అందరూ మమ్మల్నే చూశారు. "పిల్లికి కూడా మందేనా అమ్మా?" అని ఒక రైతు నవ్వాడు. "ప్రాణమేగా అయ్యా" అన్నారు అత్తగారు. అతను మరి నవ్వలేదు.

డాక్టరుగారు దాని నోరు తెరిచి టార్చిలైటు వేసి చూశారు. చిన్న పటకారు లోపల పెట్టి ఏదో లాగారు. సన్నటి ఎముక పుల్ల. వెనక దంతాల మధ్య ఇరుక్కుని ఉంది. చుట్టూ చిగురు వాచి చీము పట్టింది.

"ఇది పేచీ కాదమ్మా. నొప్పి" అన్నారాయన. "తినాలనే వచ్చేది. కొరకగానే ప్రాణం పోయేది."

అత్తగారు దాని తలమీద చెయ్యి వేసి అలాగే ఉంచారు.

నోటికి రాయడానికి మందు, పురుగులకు పొడి ఇచ్చారు డాక్టరుగారు. "పాలు మానెయ్యండి, దానికి పడట్లేదు. చేప మెత్తగా ఉడకబెట్టి, ముళ్ళు తీసి, గోరువెచ్చగా పెట్టండి. ఒకేసారి కాదు, కొంచెం కొంచెం" అన్నారు.

చేప అనే మాట వినగానే నేను అత్తగారి వైపు చూడలేకపోయాను. తిరుగు బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఏ పక్కింటికో ఇచ్చేయమంటారని నేను అనుకుంటున్నాను. జగ్గయ్యపేటలో దిగి నడుస్తుండగా అన్నారు. "పెరట్లో పొయ్యి పెడదాం. ఇటుకలు ఉన్నయ్యిగా."

మర్నాడు పాలేటి వాగు చేపలు తెచ్చే ఆమెను పిలిచి, ముళ్ళు తక్కువని కొర్రమీను తీసుకున్నాం. నేను కడిగి పెరటి పొయ్యిమీద ఉడకబెట్టాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పళ్ళెంలో పెడితే బక్కది దగ్గరికొచ్చింది, పళ్ళెం చూసి వెనక్కి తగ్గింది. బుజ్జగించాను. జరిపి జరిపి పెట్టాను. ఊహూఁ.

"పళ్ళెం తీసెయ్యి" అన్నారు అత్తగారు. "పళ్ళెంలో మూతి పెట్టి ముంచాంగా. అది మర్చిపోలే."

మెట్లు దిగి వచ్చారు. పొయ్యి దగ్గర కూర్చుని, కాసేపు చేపముక్క వంక చూసి, వేళ్ళు పెట్టారు. ఆ వేళ్ళకు ముల్లు ఎక్కడుందో చూడాల్సిన పనిలేదు. చిన్న చిన్న ముళ్ళు కూడా ఏరి పక్కన పెట్టి, చిటికెడు చేప అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకుని కూర్చున్నారు. నన్నూ చూడొద్దన్నారు. చాలాసేపటికి బక్కది వచ్చింది. వాసన చూసింది. నాకింది.

"అబ్బ, నాలుక ఎంత గరుగ్గా ఉందే!" అని ఆవిడ నవ్వారు. ఆ ఇంట్లో ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదలు.

ఆ తర్వాత అది ఆవిడ చేతిలో తప్ప తినలేదు. చల్లారితే తినదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తినదు. నోరు మానినా పేచీ మాత్రం మానలేదు. మొదట్లో అత్తగారు దానికి పెట్టినప్పుడల్లా బావి దగ్గర తలారా నీళ్ళు పోసుకుని గాని ఇంట్లోకి వచ్చేవారు కాదు. కొన్నాళ్ళకు కాళ్ళూ చేతులూ కడుక్కోవడంతో సరిపెట్టారు. రోజూ పొద్దున్నే దాన్ని ఎత్తి నా చేతుల్లో పెట్టి, "నిన్నటికంటే బరువుందా, చూడు" అనేవారు. ఉన్నా లేకున్నా ఉందనేదాన్ని. నిజంగానే బరువు తెలిసిన రోజున నేను ఏమీ అనకముందే నా మొహం చూసి ఆవిడకు తెలిసిపోయింది.

పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు మాటలు వచ్చేవి. మామగారు పొలం నుంచి వస్తూ తువ్వాల్లో చేపలు మూటగట్టుకుని తెచ్చేవారట, ఆ తువ్వాళ్ళు ఉతకలేక ఆవిడ రోజూ పోట్లాడేవారట. ఒకరోజు చేప ఎక్కువ వచ్చింది. ధైర్యం చేసి అడిగాను. "మీ పులుసు ఎలా పెడతారు అత్తయ్యా?"

ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోశారు. తర్వాత కూర్చున్న చోటునుంచే చెప్పడం మొదలుపెట్టారు. "చింతపండు అంత పిసక్కు. ఆ, చాలు. గరిటె పెట్టకు, ముక్క విరుగుద్ది. దాక చెవులు పట్టుకుని తిప్పు."

మా ఆయన డ్యూటీ దిగి వస్తూ సందు మొదట్లోనే సైకిల్ ఆపేశారు. తల నిండా దుమ్ముతో పెరట్లోకి వచ్చి, "ఏంటమ్మా ఈ వాసన? నువ్వు వండావా?" అన్నారు.

"నేనెందుకు వండుతా? నీ పెళ్ళాం వండింది. నేను ఊరికే కూర్చున్నా" అన్నారావిడ. గాలి పీల్చి, "మెంతిపొడి చిటికెడు ఎక్కువైంది" అన్నారు.

ఆయన పెరట్లోనే పీట వేసుకుని తిన్నారు. నేను అత్తగారితో పాటు పప్పు తింటానన్నాను. "ఎందుకు? తిను. నేను చూస్తా" అని నన్ను కూర్చోబెట్టారు. నేను ముక్క చిదిమేలోగా ఆవిడ చెయ్యి నా కంచంలోకి వచ్చింది. ముల్లు తీసి పక్కన పెట్టి, చేపని నా అన్నం మీదికి జరిపారు. బక్కదానికి తీసినట్టే, మొహం అటు తిప్పుకుని. ఆవిడ ఆ రోజూ తినలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ తినలేదు. కానీ ఆదివారం పులుసు మాత్రం మళ్ళీ మా ఇంట్లో మొదలైంది.

వానలు పడే నాటికి బక్కదాని బుగ్గలు నిండాయి. ఒంటిమీద నిగనిగ వచ్చింది. పొట్ట గుండ్రంగా తిరిగింది. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ దాన్ని ఎత్తి చూపించేవారు. ఓ సాయంత్రం సాయిబుగారి భార్యకు కూడా చూపించి, "చూశావా, నా చేతి తిండి" అన్నారు.

ఆవిడ దాని పొట్ట తడిమి చూసి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "సగమే మీ తిండి పిన్నిగారూ. మిగతా సగం పిల్లలు."

అత్తగారు నోరు తెరుచుకుని దాని వంక చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "రేపు చేపలామె వస్తే పెద్దది తీసుకోవే. ఒళ్ళు మళ్ళీ తగ్గిపోద్ది దీనికి" అని, దాన్ని జాగ్రత్తగా కిందికి దించారు.