హారతి పాటలో దగ్గు

దెయ్యాల కథలంటే నాకు నవ్వు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పేవాణ్ణి. ఎవరు ఏ వింత చెప్పినా ‘మళ్ళీ జరిపించి చూపించు’ అనేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చున్నాను.

పంజాగుట్టలో ఆసుపత్రిలో చేరడానికి ముందు, శ్రావణ శుక్రవారం నాడు, మా ఆవిడ సునీత శ్రీనగర్ కాలనీలోని మా అద్దె ఇంట్లో మంగళహారతి పాడింది. కంప్యూటర్‌కి మైకు తగిలించి రికార్డు చేశాను. మూడో చరణంలో దగ్గొచ్చి ఆగింది, తేరుకుని మళ్ళీ అందుకుని ముగించింది. ఆసుపత్రి నుంచి తను ఇంటికి రాలేదు. తన గొంతు నా దగ్గర మిగిలింది ఆ ఒక్క ఫైలులోనే.

ఆ పాట వినడానికి మా అత్తగారు భీమవరం నుంచి వచ్చేవారు. దగ్గు వినపడగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. హారతి పాట మధ్యలో ఆగకూడదని ఆవిడ పట్టింపు. ఆగింది కాబట్టే కూతురు పోయిందని ఆవిడ దిగులు. ఎన్ని చెప్పినా వినేవారు కాదు.

కొన్నాళ్ళకి నా హార్డ్ డిస్కు నిండిపోయింది. మా ఇన్‌స్టిట్యూట్‌లోనే మల్టీమీడియా చెప్పే శ్రీను ఆ పాట విని, ఫైలు చిన్నది చేద్దామన్నాడు. గొంతు పాడవుతుందని నేను ససేమిరా అన్నాను.

“ఎంపీత్రీ చేస్తే సౌండ్ కొంత పోతది అన్నా. ఇది లాస్‌లెస్. సైజు తగ్గుతది గని ఏం పోదు,” అన్నాడు.

సరేనన్నాను. చేశాక ఇద్దరం కూర్చుని విన్నాం. మూడో చరణం వచ్చింది, దాటిపోయింది. పాట ఎక్కడా ఆగలేదు.

శ్రీను నా మొహం చూశాడు. “వదిన దగ్గు యాడికి పోయింది అన్నా?”

పాత ఫైలు పెట్టాం, దగ్గుంది. కొత్తది పెట్టాం, లేదు. కొత్తదాన్ని మళ్ళీ మామూలు ఫైలుగా విప్పి పాతదానితో పోల్చి చూస్తే ఒక్క బిట్టు కూడా తేడా లేదంది కంప్యూటర్. ఇంకో కంప్యూటర్‌లో చేసినా అదే తంతు. ‘మళ్ళీ జరిపించి చూపించు’ అనే నాకు, చేసిన ప్రతిసారీ అది జరిగి చూపించింది.

అత్తగారికి కొత్తదాన్నే సీడీ చేసి ఇచ్చాను. మొదటిసారి కదలకుండా చివరిదాకా విన్నారు. “నా తల్లి పూర్తిగా పాడేసింది,” అని కళ్ళు తుడుచుకున్నారు.

ఇదెలా జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. నేను మాత్రం పాత ఫైలే వింటాను. ఎందుకంటే దగ్గు తగ్గాక సునీత నాతో, “ఆపేయకండి, పాడతాను,” అంటుంది.

కొత్త ఫైలులో ఆ మాట కూడా లేదు.