రాజగోపాల్ దించిన శ్రుతి

చివరి రోజు పొద్దున మా నాన్న హార్మోనియం తిత్తికి తోలుముక్క అతికించి, జిగురు ఆరడానికి కిటికీ పక్కన పెట్టాడు. అమ్మ పెసరట్టు వేస్తానంటే ఉప్మా చాలన్నాడు. సగం తిని లేచి వెళ్లి, అతుకును బొటనవేలితో నొక్కి చూసి వచ్చి మిగతాది తిన్నాడు. మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆ పెట్టెను ఆయన వేదిక మీద వాయించి చాలా ఏళ్లయింది. సేవ మాత్రం మానలేదు. రీడ్ల మీద దుమ్ము పాత షేవింగ్ బ్రష్షుతో దులిపేవాడు. వానాకాలం వస్తే దుప్పటి కప్పేవాడు.

"వాయించని పెట్టెకి ఇంత వైద్యమేటండీ?" అని అమ్మ దెప్పేది.

"ఆవు వట్టిపోతే గడ్డెయ్యడం మానేస్తావేటి?" అనేవాడు.

నాన్న పేరు రాజగోపాల్. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు చేసే మిల్లులో చేరాడు. డ్యూటీ దిగాక సెక్టర్ 7లోని మా క్వార్టర్ ముందుగదిలో పద్యనాటకాల రిహార్సల్ జరిగేది. నాన్న హార్మోనియం, గురునాథరావు బాబాయి పద్యం. ఇద్దరిదీ ఒకే మిల్లు. బాబాయి వాళ్లుండేది మా వెనక వీధి.

తన పని గురించి నాన్న ఒకటే చెప్పేవాడు. "పాడీవోడు ముందు నడుస్తాడు. మనం గొడుగట్టుకుని ఎనకాల నడవాల. గొడుగట్టుకున్నోడు దారి చెప్పకూడదు."

రిటైర్మెంటు దగ్గరపడేసరికి బాబాయి గొంతు పైస్థాయిలో చీలడం మొదలైంది. వయసులో పాడిన ఎత్తైన నాలుగు శ్రుతే ఇంకా కావాలనేవాడు. తగ్గించుకుందామని నాన్న ఒకసారి మెల్లగా అన్నాడు.

"తగ్గించుకోడానికి ఇదేటి, కూరలో ఉప్పా?" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

నాన్న చెప్పకుండా చేద్దామనుకున్నాడు. పద్యనాటకంలో నటుడు తెర వెనకే రాగం ఎత్తుకుని, పాడుతూ లోపలికి వస్తాడు. అంతకుముందు హార్మోనియం శ్రుతి అందిస్తుంది. ఎంత అలవాటైన గొంతయినా చెవికి అందిన శ్రుతిలోనే విచ్చుకుంటుంది. రిహార్సల్లో పాత శ్రుతే ఇచ్చి, నాటకం నాడు కాస్త దించి ఇస్తే బాబాయి తనకు తెలియకుండానే దిగుతాడు, గొంతూ నిలుస్తుంది, పరువూ నిలుస్తుంది. ఇదీ నాన్న ఆలోచన.

ఆ ఉగాది సాయంత్రం తెలుగు సంఘం వేదిక మీద నాన్న శ్రుతి దించి ఇచ్చాడు. తెర వెనక నుంచి బాబాయి రాగం పాత నాలుగు శ్రుతిలోనే లేచింది. తరువాతి ఊపిరికి దిగుతాడని నాన్న అదే మెట్టు నొక్కిపట్టాడు. బాబాయి దిగలేదు. కిరీటం పెట్టుకుని వెలుతురులోకి వచ్చాడు. హార్మోనియం ఒక దారి, పద్యం ఒక దారి. పైకి వెళ్లిన చోట గొంతు రెండుగా చీలింది. ముందు వరసలో పిల్లలు నవ్వారు. వెనక నుంచి ఎవరో "బస్ కరో అంకుల్" అని ఆపమన్నారు. బాబాయి ఎవరివైపూ చూడకుండా పద్యం చివరిదాకా పాడి లోపలికి వెళ్లాడు.

"ఆడెత్తుకున్న తక్షణం నేను ఆడి మెట్టు మీదకి ఎల్లిపోవాల," అని నాన్న తరవాత ఎన్నిసార్లు అన్నాడో. "రెప్పపాటు పని. ఎల్లలేదు. దిగి రమ్మని పట్టుబట్టేను."

ముఖానికి రంగు తుడుచుకుంటూ బాబాయి అన్నది ఒక్కటే. "గొంతు పోయిందిరా గోపాలూ. ఇంక సాలు." శ్రుతి ఊసు ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాన్నకు శిక్షలా తోచింది. బాబాయి మళ్లీ వేషం కట్టలేదు. నాన్న మళ్లీ వేదిక ఎక్కలేదు.

స్నేహం మాత్రం తెగలేదు. బాబాయి రోజూ వచ్చేవాడు. టమాటా ధర, మోకాళ్లు, క్రికెట్, పక్క ఊరు ఉతైలో ఎవరో కట్టుకుంటున్న ఇల్లు, ఆగకుండా మాట్లాడేవాడు. ఇంకొకరికి సందిచ్చేవాడు కాదు. ఆ వాగుడంతా తన నోట శ్రుతి మాట రాకుండా బాబాయి కట్టిన గోడ అనుకునేవాడు నాన్న.

ఒకసారి ఇద్దరూ బాబాయి స్కూటర్ మీద భిలాయి-3లో పెళ్లికి వెళుతున్నారు. రైలు గేటు పడింది. బాబాయి ఇంజను ఆపాడు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాన్నకు ఎన్నడూ లేదు. వెనక సీటు మీద కూర్చుని, స్నేహితుడి వీపు చూస్తూ చెప్పేశాడు.

"గురునాథం, ఆవేళ శ్రుతి నేనే దించీసేన్రా. నీ మంచికే అనుకున్నాను. తప్పైపోయింది."

బాబాయి తల తిప్పలేదు. గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "ఈ గూడ్సు ఇప్పట్లో రాదురా," అన్నాడు.

పెళ్లిలో అందరినీ నవ్విస్తూ రెండోసారి పులిహోర వేయించుకున్నాడట. నాన్న విస్తరి ముందు నుంచి సగంలోనే లేచాడు.

ఎదురుగా కూర్చుని మళ్లీ ఒకసారి చెప్పమని నేనన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఆడు విన్నాడు. విని మింగీసేడు. మళ్లీ చెప్తే క్షమించమని పీక మీద కూర్చున్నట్టుంటాది." నేనూ ఇంక బలవంతపెట్టలేదు. అలా ఆ బరువు మోస్తూనే పోయాడు.

పెద్దకర్మ రోజున బాబాయిని ఆయన కూతురు ఛాయ చేయి పట్టుకుని తీసుకొచ్చింది. నాన్న ఫొటో ముందు కూర్చున్నాడు. చెవిలో కొత్తగా వినికిడి మిషను కనిపించింది. అది ఎప్పటి నుంచని వంటింటి గుమ్మం దగ్గర ఛాయను అడిగాను.

"నెల కూడా అవలేదు భయ్యా. ఎంత బతిమాలితే పెట్టుకున్నారో."

"ఈ మధ్యే తగ్గిందా?"

"ఈ మధ్య కాదు భయ్యా. మిల్లులో ఉన్నప్పుడే పోయింది, ఆ లాస్ట్ నాటకం కంటే ముందే. చెవిటోడికి వేషం ఎవడిస్తాడని మమ్మల్ని కూడా చెప్పనివ్వలేదు. రిహార్సల్లో రాజగోపాల్ అంకుల్ వేళ్లు చూసి పాడేవారు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొచ్చేవారు. వెనక నుంచి మాట్లాడితే మాత్రం మా నాన్నకి బిల్‌కుల్ వినపడేది కాదు."