వడ్లలో దిగిన రెండు తలుపుల కారు

కామారెడ్డిలో జిరాక్స్ సెంటర్‌లో కూర్చుని ఊరందరి దరఖాస్తులూ టైపు చేసే ఆ రోజుల్లో, స్పోర్ట్స్ కార్ల గురించి నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మేదాన్ని. (నడిపింది మాత్రం మా బావ డీజిల్ జీపు ఒక్కటే. అదీ ఆదివారాలు, మార్కెట్ యార్డు ఖాళీగా ఉన్నప్పుడు.) ఇంజన్ ముందుండాలా వెనకుండాలా, బండిని ఏ చక్రాలు తొయ్యాలి, గాలి బానెట్ మీది నుంచి ఎలా జారిపోవాలి, అన్నీ ఫోన్లో చూసి నేర్చుకున్నాను. ఈ పిల్లకు ఎవరో ఏదో చేశారని మా వాడకట్టు ఆడవాళ్లు అనుకునేవారు. అనుకోనీ. ఇరవై రెండేళ్ల ఆడపిల్ల ఇంజన్ గురించి మాట్లాడితే తప్పేమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

మా జిరాక్స్ సెంటర్ పక్కనే ఒక చాచా డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉండేది. సౌదీలో, దమ్మామ్‌లో పనిచేసే ఆయన కొడుకు సెలవుల్లో వచ్చినప్పుడు, ఎవరి మాటా వినకుండా హైదరాబాద్ నుంచి ఒక పాత ఎర్ర కారు కొనుక్కొచ్చాడు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. సెలవు అయిపోగానే అతను వెళ్లిపోయాడు, కారు షెడ్డులో ఉండిపోయింది. బ్యాటరీ చచ్చిపోకుండా చాచా దాన్ని శుక్రవారం నమాజు చేసొచ్చాక స్టార్ట్ చేసేవాడు. ఆ చప్పుడు వినగానే నేను టైపింగ్ వదిలేసి పరుగెత్తేదాన్ని. సరిగ్గా అప్పుడే మా బావ కూడా చాయ్ తాగడానికి దిగేవాడు. మా అక్క భర్త. ఎల్లారెడ్డి రూట్లో డీజిల్ జీపు నడిపేవాడు కాబట్టి అందరికీ డీజిల్ బావే.

"గిది కారంటవా పిల్లా?" అని మొదలుపెట్టేవాడు. "ఇద్దరు కూసుంటే మూడోటోడు యాడికి పోవాలె? డిక్కీల యూరియా బస్తా పడ్తదా?"

"యూరియా మొయ్యనీకి స్పోర్ట్స్ కారు చెయ్యరు బావా. బరువు తక్కువ, ఎత్తు తక్కువ, తోసేటియి వెనక చక్రాలు. మూలమలుపుల రోడ్డును పట్టుకుంటది. నీ జీపు మలిగితే ఇల్లు మలిగినట్టుంటది."

"ఇంజన్ ఎంత పెద్దదైతే ఏంది, స్పీడ్ బ్రేకర్ కాడ కడుపు గీక్కపోతే?"

చాచా మా ఇద్దరికీ చాయ్ పోసి, "నాకైతే రంగు మంచిగుంటే సాలు బేటీ" అని తప్పుకునేవాడు.

ఇదంతా వట్టి కబుర్లే అయితే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. హైదరాబాద్‌లో మోటారు పని నేర్పే సంస్థలో నాకు సీటు వచ్చింది. బాపు పోయాక మా ఇంట్లో పెద్ద దిక్కు బావే. మా అవ్వ (మేం అమ్మను అలాగే పిలుస్తాం) ఏ విషయమైనా ఆయన మీదికే తోసేది. ఆయనేమో "ఆడివిల్ల గ్రీజు పూసుకుంట తిరుగుడేంది" అనేవాడు. ఒక శుక్రవారం వాదన ముదిరి, ఆయనే నోరు జారాడు. "గా కార్ల అవ్వను ఎల్లారెడ్డి చిన్నమ్మ ఇంటికి తోల్కపో. సుఖంగ దించినవా, హైదరాబాద్ పో, నేను అడ్డం రాను. దించలేదా, గీ జిరాక్స్ సెంటరే నీకు హైదరాబాద్."

చాచా కళ్లు మూసుకుని తాళం ఇచ్చాడు. "గీత వడ్డదంటే నా కొడుకు ఫోన్ల ఏడుస్తడు బేటీ" అన్నాడు.

అవ్వ కొత్త చీర కట్టుకుని, చెల్లెలికి సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనక సాక్షిగా బావ జీపు. లింగంపేట దాకా నాకు ఎదురు లేదు. స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా ఒక్కో చక్రంతో ఎక్కించి దించాను. ఆ తర్వాత వడ్లు వచ్చాయి. యాసంగి కోతలు కదా, సగం రోడ్డు నిండా ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు పెట్టారు. ఎదురుగా మిగతా సగం నిండా వరికోత మిషన్ వస్తోంది. రాళ్ల వరసలో ఒకచోట సందు కనిపించింది. రాయి తగిలితే కారు కడుపు చిరుగుతుంది, వడ్లు మెత్తన కదా అని లెక్క వేసి అందులోకి తిప్పాను. (లెక్క తప్పు కాదు. వడ్ల లోతు ఎవరూ ఫోన్లో చెప్పలేదు, అంతే.)

కారు ముక్కుతో వడ్లను నూకుకుంటూ వెళ్లి, కడుపు ఆనించి కూర్చుంది. నేను ఆక్సిలరేటర్ తొక్కాను. నేను అంతగా పొగిడిన వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, వడ్లన్నీ తెరిచి ఉన్న జీపు కిటికీలోంచి బావ మీద పోశాయి.

వడ్ల యజమానురాలు చేటతో వచ్చింది. "ఏం పిల్లవే, తూర్పార వట్టనీకి వచ్చినవా?"

బావ చొక్కా దులుపుకుంటూ దిగాడు. "అయిపాయె. ఓడినవ్."

హైదరాబాద్ ఆ వడ్లలోనే మునిగిపోయినట్టు అనిపించింది. కానీ ఏడిస్తే బావ ముందు ఏడవాలి. అది నా వల్ల కాదు. అక్కడ వడ్లు ఎగదోస్తున్న ఆడకూలీలను బతిమాలితే, వాళ్లు నవ్వుకుంటూ వచ్చి తలా ఒక చెయ్యి వేసి కారు ముక్కును లేపి రోడ్డు మీద పెట్టేశారు.

"చూసినవా బావా, ఎంత తేలికో. నీ జీపును గిట్ల ఎత్తుమను."

"ఎత్తుడు గాదు పిల్లా, పోవుడు లెక్క. ఇగ మలుపు, కామారెడ్డి పోదాం. అవ్వా, నువ్వు జీపెక్కు."

చెల్లాచెదురైన వడ్లను ఆ యజమానురాలితో కలిసి కాలితో మళ్లీ పరుస్తున్న అవ్వ అప్పుడు తలెత్తింది. అల్లుడికి ఎదురు చెప్పడం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

"నేను ఎక్క అల్లుడా. నీ జీపుల కూసున్నప్పుడల్లా వాంతి ఆపుకుంటనే ఎల్లారెడ్డి పోయిన. నువ్వు బాధపడ్తవని చెప్పలె. ఇయ్యాల గిన్ని మలుపులొచ్చినా కడుపుల తిప్పలె. ఇగ బిడ్డ కార్లనే పోత."

ఎల్లారెడ్డి చిన్నమ్మ ఇంటి ముందు అవ్వ చీర మడత నలగకుండా దిగింది. (దించడానికి నేనూ చిన్నమ్మా చెరో చెయ్యి పట్టి లాగాం. పందెంలో అది లేదు.) బావ చాలాసేపు జీపులో నుంచి వడ్లు ఎత్తిపోశాడు. ఆ నెలలో నా ట్రంకు పెట్టెను హైదరాబాద్ బస్సులోకి ఎక్కించింది ఆయనే. ఎక్కిస్తూ కూడా "గది కారు కాదు" అన్నాడు. "నీది బండి కాదు" అన్నాను.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌కు పెద్దను. ఏ కారు కొనమంటారు మేడం అని ఎవరైనా అడిగితే, ఇంట్లో ఎంతమంది, మీ ఊరి రోడ్డు ఎట్లుంటది, డిక్కీలో ఏం పెడతారు అని నా నోటి నుంచి వచ్చేస్తుంది. అచ్చంగా మా బావ ప్రశ్నలే. అడిగిన ప్రతిసారీ నా లోపల ఆ ఇరవై రెండేళ్ల పిల్ల మూతి ముడుచుకుంటుంది. నేను ఆమెకు సర్దిచెప్పను. ఆమె కొట్లాడి తెచ్చిన కుర్చీలో కూర్చునే కదా, నేను జనానికి ఎత్తు బండ్లు కొనమని బుద్ధులు చెబుతున్నది.