ఇసుకతిన్నె మీది ఆడపిట్ట

మొన్న బజారులో పచ్చిచేపల వాసన తగలగానే మాచర్ల వైపు కృష్ణ ఒడ్డు గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా అక్క రోజూ నా కంచంలో చేపముక్క లాక్కునేది.

ఇసుకతిన్నె మీద ఒక తెల్లపిట్ట కూడా అంతే. ఇంకో పిట్ట ఏట్లో మునిగి తెచ్చిన చేపను నోరు తెరిచి అడిగి మింగేది. అక్క మీది కసంతా దాని మీదికి మళ్లింది. మూడు రోజులు కాచి, రాయి విసిరాను. పిట్ట ఒరిగిపోయింది.

"దొంగపిట్ట పనైపోయింది!" అని అరిచాను.

రేవులో బట్టలుతుకుతున్న మరియమ్మత్త పరుగెత్తుకొచ్చింది. "ఏందే నువ్వు చేసింది? అది దొంగ కాదే, గుడ్లు పెట్టబోయే ఆడది. మగది ఇష్టపడి తెచ్చి పెడతా ఉంది."

నేను నమ్మలేదు. అంతలో మగపిట్ట మరో చేప తెచ్చింది. కదలని ముక్కు పక్కన పెట్టి, చాలాసేపు నిలబడింది.

ఆ రోజు కసి తీరిందనుకునే ఇంటికెళ్లాను. ఆ మగపిట్ట కోసం ఏడుపు మాత్రం, నా భర్త చనిపోయిన ఏడాది వచ్చింది.