ముందు తన నోరు తెరిచే కంపౌండరు

మా గినీ పంది ఇష్టమైన పుంటికూరను, అదే గోంగూరను, ముట్టలేదు. పెదవి మూలన పుండు కనిపించింది. పుల్లతో గుచ్చారని పిల్లలను తిట్టి, దాన్ని కూరగాయల బుట్టలో నాందేడ్ పశువుల దవాఖానకు తీసుకెళ్లాను.

అక్కడి కంపౌండరు ఏ పశువు నోరు చూడాలన్నా ముందు తన నోరు తెరిచేవాడు. ఎద్దుకు ఎంత తెరిచాడో, మా చిన్న ప్రాణానికీ అంతే తెరిచాడు. చూస్తూ చూస్తూ నేనూ తెరిచాను.

"నువ్వు మూయి అక్కా, నీకు పుండు లేదు. దీనికేం పెడ్తున్నవ్?"

"రోజూ పుంటికూర."

"గంత పులుపు రోజూ తింటే పుండు కాదా? గడ్డి పెట్టు, మానుతది," అని నవ్వుతూ ఊదా మందు పూశాడు.

మర్నాడు పొద్దున పిల్లలకు చెప్పాను: "అది బతుకుతది. మీరు గుచ్చింది కాదు, నేను పెట్టిన పుంటికూరతోనే అయింది. నిన్న మిమ్ముల ఊకెనే తిట్టిన."